ఇరవై తేత్రీల బిళ్ళ

రుస్తావీలో మేముండే భవనానికి తొమ్మిది అంతస్తులు.
మాది ఎనిమిది.
లిఫ్టు ముసలిది, పైగా పిసినారి:
లోపలి ఇనుప డబ్బాలో
ఇరవై తేత్రీల బిళ్ళ పడనిదే
అంగుళం కదలదు.

మా జార్జియా భాషలో ఒక తిరకాసుంది.
చాలా దేశాల్లో
పసి పెదవులు కలిసి విడిపోతే పుట్టే మొదటి మాట
తల్లి ఖాతాలో పడుతుంది.
ఇక్కడ "మామా" అంటే నాన్న.
అమ్మని "దేదా" అనాలి.
దానికి నాలుక తిరగాలి, ఓపిక కావాలి.
తొమ్మిది నెలలు మోసి, ఆపైన రాత్రుళ్ళన్నీ మేలుకున్నాక
కేతో నా కళ్ళలోకే చూస్తూ
"మామా" అంది.
మల్ఖాజ్ ఉక్కు ఫ్యాక్టరీ బట్టల్లోనే గంతులేశాడు.
నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను,
అదే మంచిదైంది.

తర్వాత తెలిసింది అది నాన్న కూడా కాదని.
కిటికీలో పావురం మామా.
ఫ్యాక్టరీ పొగగొట్టం మామా.
చెంచా, చెంచా కింద పడ్డ చప్పుడు,
స్నానం తొట్టిలో నీళ్ళు సుడి తిరిగి మాయమయ్యే చోటు,
అన్నీ మామా.
మల్ఖాజ్ ముఖం చూడాలి ఆ వారం!

ఆ ఒక్క మాట అప్పట్లో ఎంత పెద్ద రాజ్యం.
తర్వాత ఒక్కో ఊరే విడిపోయింది.
పావురం "గుగూ" అయింది.
నీళ్ళకి వేరే మాట, చెప్పులకి వేరే మాట.
వద్దనడానికి "అరా" దొరికిన రోజున
కొత్త కత్తెర చేతికొచ్చినట్టు
కనిపించిందల్లా కత్తిరించింది:
సూపుకి అరా, టోపీకి అరా,
ఇంకా అడగని ప్రశ్నకి కూడా అరా.

పాలిక్లినిక్‌లో డాక్టరమ్మ అడిగింది, ఎన్ని మాటలొచ్చని.
వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను. పదకొండు.
పొగగొట్టాన్ని కూడా కలపాలా అంటే
పెన్ను ఆపి నా వంక చూసింది.

ఆమె కాగితంలో బిస్కెట్లకి గడి లేదు.
లిఫ్టు గురించి కేతోకి నేనేమీ చెప్పలేదు,
రోజూ నా భుజం మీంచి చూసింది, అంతే.
ఒక మధ్యాహ్నం రేడియేటర్ సందులో బిస్కెట్టు దూర్చి
ఇల్లు కదులుతుందని ఎదురుచూసింది.
కదల్లేదు.
రెండో బిస్కెట్టు దూర్చింది.

నిన్న సాయంత్రం
దాన్ని లిఫ్టులో నిలబెట్టి, బిళ్ళ చేతికిచ్చి
సంచీ అందుకోడానికి రెండడుగులు వెనక్కి వేశాను.
రెండే.
ఆ డబ్బాని బాగుచేసినవాడెవడో
మరీ కిందికి బిగించాడు.
టంగుమంది.
తలుపు మూసుకుంది.

బంగాళాదుంపలు ఎటు దొర్లాయో చూడలేదు.
మెట్లు రెండేసి, మూడేసి.
అంతస్తు అంతస్తుకీ ఆగి
చల్లటి ఇనుప తలుపుకి చెవి ఆనించాను.
దానికి నా మాట ఇంకా రాదు.
భయమేస్తే ఎవరిని పిలుస్తుంది,
ఏమని?

నాలుగో అంతస్తు. తనకి అందే మీట అదే కాబోలు.
బనియనుతో వర్లాం తాత,
చేతిలో చెత్తబుట్ట, లిఫ్టు తలుపుకి అడ్డంగా ఒక కాలు.
"ఈవిడ దిగనంటోందమ్మా" అన్నాడు.

కేతో ఏడవడం లేదు.
మీటల ముందు నిటారుగా నిలబడి ఉంది,
ఇవాళే ఉద్యోగంలో చేరిన మనిషిలా.
నన్ను చూసి ఖాళీ అరచెయ్యి చాచింది.
పన్నెండో మాట, స్పష్టంగా:
"కిదేవ్."
అంటే, మళ్ళీ.

మోకాళ్ళు వణికి మెట్టు మీద కూలబడ్డాను.
కోటు జేబులన్నీ తడిమాను:
తాళంచెవి, రసీదు, సగం నమిలిన ఎండుద్రాక్ష.
వర్లాం తాత చెత్తబుట్ట కింద పెట్టి
తన పైజామా జేబు వెతకడం మొదలెట్టాడు.