నూట పన్నెండో పేజీ అంచున

తిరిగొచ్చిన పుస్తకంలో పెన్సిల్ గీతలుంటే
చెరిపి అరలో పెట్టాలి.
బల్లారట్ లైబ్రరీలో నా ఉద్యోగం
సగం రబ్బరు పొట్టే.

ఇది పిల్లల నవల.
చైనా నుంచి వచ్చిన ఒక చిన్నమ్మాయి
మొదట్లో ఎవరితోనూ మాట్లాడదు.
మధ్యలో ఆమె డంప్లింగుల డబ్బా చూసి
పిల్లలు ముక్కు మూసుకుంటారు.
చివర్లో అదే డబ్బా చుట్టూ మూగుతారు.
అట్ట మీద గాలిపటం.

ఎవరు తీసుకెళ్లారో కంప్యూటర్‌ని అడగక్కర్లేదు.
ఇంగ్లీషు అక్షరాల్ని కూడా
గళ్ల కాగితంలో నిలబెట్టినట్టు
దేని గదిలో దాన్ని రాసే పిల్ల
ఈ ఊళ్లో ఒక్కతే.

ఔయాంగ్ రుయ్‌శ్వే. పదేళ్లు. షెన్యాంగ్.
బడిలో రాక్సీ.
ఓసారి నాకు పేరు పలకడం నేర్పింది:
"మొదటి ముక్క మెట్టు దిగాలి.
రెండోది గుంటలో పడి లేవాలి."
నేను పడ్డాను, లేవలేదు.
తను మాత్రం పడి పడి నవ్వింది.
పంటకి మేలు చేసే మంచు అట, ఆ పేరుకి అర్థం.

పన్నెండో పేజీ అంచున:
"మా నాన్న ఇలా సలహాలివ్వడు.
బేకరీ నుంచి వచ్చి నిద్రపోతాడు."
చెరిపేశాను.
నలభయ్యో పేజీ:
"నా డంప్లింగులు ఎవరూ వెక్కిరించలేదు. అడిగారు.
నేనే ఇవ్వలేదు. ఏడే ఉన్నాయి."
రబ్బరు పక్కన పెట్టాను.

డెబ్భై ఆరులో నవల పిల్ల
కిటికీలోంచి మ్యాగ్‌పైని చూసి
ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంది.
అంచున గట్టిగా నొక్కి రాసింది, కాగితం చిరిగేలా:
"ఇది వేరే పక్షి. పేరే ఒకటి.
రాసినావిడకి సెప్టెంబర్ తెలీదు."

సెప్టెంబర్ ఇక్కడ వసంతం.
చెరువు దారిలో గూడు కట్టిన మ్యాగ్‌పై
వచ్చేపోయే తలల మీదికి దూకుతుంది.
పిల్లలు ఐస్‌క్రీం డబ్బాలు నెత్తిన బోర్లించుకుని
వెనక వైపు స్కెచ్ పెన్నుతో రెండు కళ్లు గీసుకుంటారు.

వాళ్ల ఊళ్లో ఆ పక్షి కూస్తే మంచి కబురు.
మా ఇంట్లో కాకి అరిస్తే
అమ్మ ఎసట్లో ఇంకో గిద్దెడు పోసేది, అట్లా.

చెవి మీద నెత్తురుతో లైబ్రరీకే వచ్చింది ఆ రోజు.
ఏడవలేదు.
"మంచి కబురు పక్షి నన్ను పొడిచిందని
అమ్మమ్మకి ఫోన్లో ఎలా చెప్పను?"

దూది అద్దుతూ, నాకేం తెలుసని,
పేపరు చదవడానికొచ్చే ముసలాయన చెప్పిందే చెప్పాను:
అది మొహాలు గుర్తుపెట్టుకుంటుందట,
తెలిసినవాళ్ల జోలికి పోదట.

నూట పన్నెండు.
నవల పిల్ల క్లాసులో లేచి తన పేరు సరిగ్గా చెబుతుంది.
అందరూ చప్పట్లు.
అంచున చోటు చాలక, పేజీ తిప్పి, అడ్డంగా, నిలువుగా:
"చప్పట్లు ఉండవు.
చెట్టు కింద డబ్బా తీసేసి నా పేరు చెప్పాను.
సోమవారం దూకింది. మంగళవారం దూకింది.
బుధవారం వాన.
గురువారం ఊరికే చూసింది.
శుక్రవారం పాడింది.
నా పేరు కాదు.
కానీ గుంటలో పడి లేచే పాటే."

నా మెళ్లో వేలాడే కార్డు మీద 'ఆలీ' అని ఉంటుంది.
అలివేలుకి ఆ వేలు ఎప్పుడు తెగిందో
తొమ్మిదేళ్లలో నేనే చూసుకోలేదు.

పుస్తకం అలాగే అరలో పెట్టేశాను, గీతలతో.
పన్నెండో పేజీ ఒక్కటే మనసులో గుచ్చుకుంటోంది.
కాగితాన్ని దీపానికి ఎదురుగా పెడితే
అచ్చు పడిన గాడి కనిపిస్తుంది, నిద్రపోతాడు అన్నచోట.

ఇవాళ ఆరింటికి తాళం వేసి
చెరువు దారినే పోతాను.
ఆ చెట్టు కింద ఆగి
నాలుగక్షరాలూ చెప్తాను.
చేతిసంచీ మాత్రం
నెత్తిన పెట్టుకునే.