ముప్పై సెకన్లు

ఆటోనగర్ షెడ్డులో
పాత బస్సు కప్పు నుంచి ఊడదీసిన దీపాల పట్టీ,
దాన్ని మింగిన మూరెడు పైపు,
స్వీటు డబ్బా మీది ఎర్ర జిలుగు కాగితం,
పదిహేను రూపాయల స్విచ్చి.
సోల్డరింగ్ వాసన ఇంకా వేళ్లకుంది.

బ్యారేజీ దిగువన, నీళ్లు లేని ఇసకలో
కెమెరాని ఇటుక మీద కూర్చోబెట్టి
"ఊఁ, నడువ్" అన్నాను.

నాగుల్ మీరాది వెల్డింగు చెయ్యి.
చీకటికి అతుకు వేస్తున్నట్టు
తిన్నగా లాక్కుపోయాడు,
మధ్యలో ఒక్కసారి "అబ్బా" అని.

తెర మీద వాడు లేడు.
బస్సంత పొడుగు ఎర్రగీత ఒక్కటే,
ఇసకకి జానెడు పైన.

"నేనెక్కడ్రా?"

వేలు పెట్టి చూపించాను:
ఇదిగో, దోమ కుట్టిన చోట
గీతలో చిన్న ముడి.

మోచెయ్యి గోక్కుంటూ
చాలాసేపు చూశాడు.
"ఇంకోటి తియ్" అన్నాడు,
"ఈసారి తుమ్ముతా."