తీగ బతికుందా

మొదటి వారం మాట్లాడటం మాన్పించారు.
"ముందు విను," అన్నాడు సార్జెంట్ హుర్స్కాయినెన్,
"రేడియోలో నోరు ఆఖరి భాగం."
ఆయన ఎడమ చూపుడువేలికి కొస లేదు.
మేం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

తర్వాత ముడులు.
రాగి ఒలిచి, మెలేసి, టేపు చుట్టి,
చేతి తొడుగులతో ఒకసారి,
తీసేసి ఒకసారి,
కళ్లు మూసుకుని నలభైసార్లు.
పిలుపు పేర్లు నిద్రలోనూ అప్పజెప్పేదాన్నట.
నేను ఊపిరి వదిలినప్పుడల్లా
పక్క మంచం మీంచి సీవి "ఓవర్" అనేది.

కయాని అడవిలో సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
వీపున కేబుల్ చుట్ట గిరగిరా విడిపోతోంది,
వీపు తేలికవుతోంది,
వచ్చిన దూరాన్ని తీగే కొలుస్తోంది.
బ్యాటరీలు చలికి చచ్చిపోతాయని
చొక్కాలోపల పొట్టకి ఆనించుకుని పడుకున్నాను,
పొదుగుడు పిట్టలా, కదలకుండా.
నాలుగింట్లో మూడు బతికాయి.

రాత్రి మూడింటికి లైను పోయింది.
నిశ్శబ్దం రెండు రకాలని అప్పుడు తెలిసింది:
మనిషి ఊరుకుంటే ఒకటి,
తీగ తెగితే ఒకటి.
మొదటిదానికి ఊపిరుంటుంది.

"పిర్హోనెన్, వెళ్లు."
దీపం వెయ్యకూడదు.
తీగని అరచేతిలో జారనిస్తూ నడిచాను,
మోకాళ్లదాకా మంచు.
ఒక స్ప్రూస్ చెట్టు దగ్గర చెయ్యి ఖాళీ అయింది.
శత్రువు కాదు. డెక్కల గుర్తులు.
ఏ రెయిన్‌డీరో కొమ్ముకి తగిలించుకుని
ఇరవై అడుగులు లాక్కుపోయి
విసుగొచ్చి వదిలేసింది.

తొడుగులు తీశాను.
రాగి కరిచింది.
సార్జెంట్ వేలు గుర్తొచ్చింది, గుర్తు రాకూడని వేళ.
మెలేశాను. టేపు పళ్లతో తెంపాను.
పరీక్ష ఫోను తగిలించి చెవి ఆనిస్తే
ఎవరో కెప్టెన్, ఎవరో వంటవాడు:

"జావ ఎప్పుడు?"
"ఉడుకుతోంది."
"పాలు?"
"గడ్డకట్టాయి."

అంతే.
యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు.
నేను పలకకూడదు, ఆ తీగలో నా మాట లేదు.
కానీ పాలు గడ్డకట్టిన కబురు
నా ముడి మీంచే దాటింది.
చీకట్లో ఒక్కదాన్నే నవ్వాను,
పెదవి పగిలింది.

తిరిగొచ్చేసరికి సార్జెంట్ తల తిప్పలేదు.
"తీగ బతికుందా?"
"ఉంది."
"వేళ్లు?"

చేతులు చాపాను.
టార్చి వేసి ఒక్కొక్కటీ చూసి
ఫ్లాస్కు నావైపు జరిపాడు,
కాఫీ అడుగున కొంచెం మిగిలింది.