పట్టు విడుపు

ఫోర్జైమ్ పట్టణంలో వాచీల దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డ వీధి చివర
నెవిన్ పనిచేసే ప్రయోగశాల.
చచ్చిన హార్డ్ డిస్కుల్లోంచి ఊడదీసిన అయస్కాంతాలు
రోజూ రెండు ట్రేల నిండా వస్తాయి.
గోరంత ముక్కలు. ఉడుం పట్టు.
మొన్న రెండిటి మధ్య చిక్కిన ఆమె చూపుడువేలు
ఇంకా నల్లగానే ఉంది.

ఆమె ఉద్యోగం వాటిని విసిగించడం.
ఎదురు క్షేత్రాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ
ఎక్కడ లొంగుతాయో రాసుకోవడం.
ఆమె బతుకంతా గ్రాఫులో రెండో పాదమే:
గీత చాలాసేపు చదునుగా సాగుతుంది,
తిట్లు వినబడనట్టు నటించే చెవిటి మామగారిలా.
తర్వాత హఠాత్తుగా
మోకాలు విరిగి కూలుతుంది.

మొండివాడు రాజుకంటే బలవంతుడు, నిజమే,
కానీ వేడి తగిలితే ఈ మొండిది డీలా పడుతుంది.
నూట యాభై డిగ్రీల్లోనూ నిలబడాలంటే
నియోడిమియం పక్కన
చిటికెడు డిస్ప్రోసియం ఉండాలి.
ఆ చిటికెడే ఖరీదు.

గురువారం మధ్యాహ్నం ఇర్మ్‌ట్రౌట్ వచ్చింది,
ఎనభై రెండేళ్లు, ఆకుపచ్చ కోటు,
రుమాల్లో చుట్టిన చేతిగడియారం.
"ఆల్విన్ చేసింది. వసంతం నుంచీ
రోజుకు అరగంట ముందుకు పరిగెడుతోంది.
బస్టాపులో నేనే ముందు, చర్చిలో నేనే ముందు."

లోపల వెంట్రుకంత స్ప్రింగు
చుట్టుకు చుట్టు అతుక్కుపోయింది.
ఎప్పుడో ఏదో అయస్కాంతం పక్కన పడుకుంది,
ఇంగువ కట్టిన గుడ్డ.

నెవిన్ దాన్ని తీగచుట్టలో పెట్టింది.
ఇటు లాగి అటు లాగి, సెకనుకు యాభైసార్లు,
ఎటు చూడాలో తెలియనంతగా తికమకపెట్టి
మెల్లగా, మూరెడు దూరం, బయటికి తీసింది.
"గబుక్కున లాగితే
ఆఖరి కుదుపు అందులోనే ఉండిపోతుంది."

"మరి అవి?" ట్రే వైపు గడ్డం చూపింది ముసలామె.
ఒక ముక్కను అదే చుట్టలో పెట్టి తీసింది నెవిన్.
చిమటాను ఎప్పటిలాగే లటుక్కున పట్టుకుంది.
"వీటికి బుజ్జగింపు పనిచేయదు.
మూడువందల పది డిగ్రీలు దాటించాలి,
లేదా హైడ్రోజన్ తాగించాలి.
చిటపటమని పగిలి పిండవుతాయి.
ఆ పిండిని క్షేత్రంలో ఒకే దిక్కుకు నిలబెట్టి
అదిమి, కాల్చి, మళ్లీ..."

"మళ్లీ మొండివేనా?"

"కొంచెం తక్కువ."

ఇర్మ్‌ట్రౌట్ గడియారం చెవికి ఆనించుకుంది.
చాలాసేపు విన్నది.
అలవాటైన ఆత్రం లేదు అందులో.
"ఇక అందరితోపాటే వస్తానన్నమాట,"
అంది, ఎందుకో చిన్నబుచ్చుకున్నట్టు.

రుమాల్లో చుట్టి,
కొత్త తోలుసంచిలో పెట్టుకుని,
సంచి మూసింది.

దానంతటదే మూసుకునే మూత.
టక్.

నెవిన్ తలెత్తింది.
నల్లబడ్డ వేలు ఒకటి
గాల్లో సగం లేచి ఆగింది.
ఆకుపచ్చ కోటు అప్పటికే మెట్లు దిగుతోంది,
బస్సుకింకా పావుగంట ఉండగానే.