మూడో రోజు

రుస్తావీ పాత కార్ల సంతలో
జుంబెర్ నేర్పిన మొదటి పాఠం:
"ధర చెప్పాక నోరు కుట్టేసుకో.
ముందు మాట్లాడినవాడే ఓడతాడు."

రెండ్రోజులూ ఓడాను.
అడగనివాళ్లకి కూడా
క్లచ్ అరిగిందని చెప్పేశాను.

ఈ పొద్దున మక్వలా అనే ఆవిడ
చనిపోయిన భర్త ఒపెల్ అమ్మింది.
డబ్బు లెక్కపెట్టుకోలేదు.
హీటరు రాకపోతే ఎడమవైపు తట్టమంది,
రెండుసార్లు,
కారు నాకే అప్పగిస్తున్నట్టు.

లోపల కూర్చుంటే
నా కాళ్లకి పెడళ్లు అందలేదు.
ఎంత పొడుగు మనిషో.

"సీటు ముందుకి లాగు, ఫోటో తియ్యాలి!"
జుంబెర్ కేక.

మధ్యాహ్నం ఎవరో కొంటారు.
హీటరు సంగతి అడగరు.
చెప్తాను.
అది ఈ పనికి పనికిరాకపోవడమో,
పనంటే అదేనో,
శనివారం దాకా గడువుంది.

మీట తుప్పుపట్టింది.
గట్టిగా లాగాలి.