ఏడు వరల నుయ్యి

కొండలెక్కడానికి కొన్న బూట్లు
మొగ దగ్గర పంటు దిగేసరికే ఇసుకతో నిండిపోయాయి.
లేసులు ముడేసి మెడలో వేసుకున్నాను.
ముందు నడుస్తున్న లోవకుమారి
వెనక్కి చూడకుండానే నవ్వింది.
"ఆయ్, మా ఊళ్లో ఎక్కడానికేం ఉండదండి,
ఏటిగట్టే మాకు కొండ."

గట్టు మీదే మొదలుపెట్టాం.
ఎడంపక్క ఊడ్పులై వారమైన చేలు,
ఇంకా కాళ్లూనుకోని పచ్చదనం.
కుడిపక్క రొయ్యల చెరువులు,
నురగలు కక్కుతూ ఏరేటర్లు,
ఎవరింట్లోనో పెళ్లైనట్టు హడావిడి.
గట్టుకి అడ్డంగా పడుకున్న గేదె
మాకు దారివ్వాలా వద్దా అని
చాలాసేపు నెమరేసింది.

మురుగుకోడు మీద తాటిమొద్దు.
ఆమె నెత్తిన పీతల బుట్ట,
నా చేతిలో నీళ్ల సీసా.
బుట్ట కదల్లేదు.
సీసా కోడులో పడింది.

సరుగుడు తోటలో మాటలు ఆగాయి.
పైన గాలి, కింద ఎండు పుల్లల మెత్త.
నా అడుగు నాకే వినబడలేదు.
తోట దాటాక రావణాసురుడి మీసాలు
ముళ్లబంతులై దొర్లుకుంటూ
మాకంటే ముందే సముద్రానికి పోతున్నాయి.

అక్కడ నేల తెగిపోయింది.
నిలువెత్తు ఇసుక గోడ,
అంచున సగం వేళ్లు గాలిలో పెట్టుకుని
ఇంకా పడని ఒక సరుగుడు చెట్టు.
గోడలో పొరలు: గవ్వలు, పెంకుముక్కలు,
ఒక ప్లాస్టిక్ దువ్వెన,
జానెడు మందాన నల్లటి బూడిద.
చీల్చిన రాగిజావ రంగు ఇసుక మళ్లీ.
"ఈ బూడిదేంటి?" అన్నాను.
"గాడిపొయ్యండి. నా పెళ్లికి ఇక్కడే వండేరు."

కూర్చుని, జారి, కిందకి దిగాం.
ఎర్రపీతలు మమ్మల్ని చూసి
ఒక్కసారిగా ఇల్లిల్లూ తలుపులేసుకున్నాయి.

దూరంగా తడి ఇసుకలో సిమెంటు గొట్టం.
పడిపోయిన మిల్లు పొగగొట్టం అనుకున్నాను.
"మా నుయ్యండి" అంది.

చుట్టూ ఉన్న నేలని సముద్రం పట్టుకుపోయింది.
నూతిని మాత్రం వదిలేసింది.
ఒకదాని మీదొకటి ఏడు వరలు,
బొడ్డెమ్మలా, కొంచెం పడమటికి ఒరిగి.
ఒకప్పుడు వంగి చూసినదాన్ని
ఇప్పుడు తలెత్తి చూస్తున్నాం.
"మా మావయ్య లోపల దిగి తవ్వేడండి,
మట్టెళ్లలు పడతాయని నెత్తిన బిందె బోర్లించుకుని.
సముద్రం పక్కనే. అయినా కొబ్బరినీళ్లే అనుకోండి."

అక్కణ్ణుంచి ఆమె తిన్నగా నడవలేదు.
ఉత్త ఇసుకలో కుడికి తిరిగింది,
నాలుగడుగులేసి మళ్లీ ఎడమకి.
అడ్డంగా ఏమీ లేదు.
"పెసింగోళ్ల అరుగు" అంది, నా మొహం చూసి,
"అలవాటండి."
నేనూ ఆ అరుగు చుట్టూ తిరిగే వెళ్లాను.

నూతి మీద అప్పటికే ఒక కుర్రాడున్నాడు,
వరల సందుల్లో కాలివేళ్లు దూర్చి ఎక్కినవాడు,
నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి
వచ్చే పడవలు లెక్కపెడుతున్నాడు.
"మూడు! నాలుగోది మనది కాదే, మామ్మా!"

వాడు దూకాక నేనెక్కాను.
మోకాలు గీసుకుంది. ఎంతో ఎత్తు కాదు,
చేయి చాచిన మనిషి కంటే కాస్త పైకి.
అయినా అక్కణ్ణుంచి అన్నీ కనిపించాయి:
మడచెట్ల నల్లటి గీత, గ్యాసు బావి మంట,
గట్టు మీద అదే గేదె,
దాని వెనక కొత్త కాలనీ నీలం ట్యాంకులు.
లోపలికి చూశాను. ఇసుక.
అంచు మీద చేంతాళ్లు కోసిన గాట్లు,
వేలు పెడితే సరిగ్గా పట్టేంత లోతు.

పోటు తిరిగింది. మొదటి వర తడిసింది.
దిగబోతే కాలెక్కడ పెట్టాలో తెలియలేదు.
"కింద నుంచి ఐదోది పగిలుంటదండి, అందులో పెట్టండి,"
పీతల కాళ్లకి తాళ్లు బిగించుకుంటూ,
ఇటు చూడకుండానే చెప్పింది,
"దించిన రోజే పగిలింది.
ఆ రోజు మావయ్యని అందరూ తిట్టేరు."