నీలం రిబ్బను

ఉరుగ్వే నది ఒడ్డున మా ఊరు.
అవతలి గట్టు అర్జెంటీనా అనేవాళ్ళు.
మాకు కనబడింది ఎక్కువగా పొగమంచే.
ఒకటే బడి, ఒకటే మాంసం ఫ్యాక్టరీ.
దాని సైరనే ఊరి గడియారం
దాని వాసనే ఊరి గాలి.
కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటే
"ఏం వాసన?" అని అడిగేవాళ్ళం
నిజంగానే, తెలియకే.

నలభై ఆరేళ్ళకి
వాషింగ్టన్ గరాజులో కలిశాం, తొమ్మిదిమందిమి.
మా నాన్నలకి పెద్ద పేర్ల మీద మోజు.
క్లాసులో ఒక వాషింగ్టన్, ఒక నెల్సన్
ఇద్దరివీ బొటనవేలు బయటికొచ్చిన గుడ్డబూట్లే.

పెయింటు డబ్బాల మీద కూర్చున్నాం.
సొరబుర్రలో మాతే ఆకు, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు
ఒకే గొట్టం, ఒకే చేదు, చేతినుంచి చేతికి.
మా వైపు ఒక పద్ధతుంది.
బుర్ర తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ అన్నామా
ఇక చాలు, నాకొద్దు అని.
ఊరికే ఇచ్చేస్తే
మళ్ళీ నా వంతు రానీ అని.

ఎర్సిలియా పంతులమ్మ
ప్రతి సుద్దముక్కనీ రెండుగా విరిచి
సగం జేబులో వేసుకునేది.
ఆ సగాలన్నీ ఏమయ్యాయంటుంది ఓల్గా, ఇప్పటికీ బెంగగా.
ఫ్యాక్టరీ మూసేసిన రోజు
సైరన్ మోగక ఊరంతా పడుకునే ఉంది.
బడికి అందరం ఆలస్యం, పంతులమ్మతో సహా.
ఎవరూ ఎవర్నీ తిట్టలేదు.
అది మంగళవారమని నెల్సన్
శుక్రవారమని వాషింగ్టన్
ఎవరి పట్టు వారిది
మా నాన్న ఆ రోజు ఎన్నిసార్లు బూట్లు తొడిగి విప్పాడో
అదొక్కటే నాకు గుర్తు.

తర్వాత నా వంతు.
ఈ కథ చాలాచోట్ల చెప్పాను.
పిల్లలకి, మాంటెవిడియో ఆఫీసులో
నిద్రపట్టని రాత్రుల్లో నాకు నేనే.

జెండా ప్రమాణం రోజు. మాకు జూన్ అంటే గజగజ వణికే చలి.
అందరికీ గంజిపెట్టిన తెల్లగౌన్లు
మెడకింద గుమ్మడిపువ్వంత నీలం రిబ్బన్లు.
నేలిదాకి లేదు.
గేటు బయటే నిలబడిపోయింది.
నాది విప్పి తనకి కట్టాను.
తొమ్మిదేళ్ళు నాకప్పుడు.

అందరూ "అబ్బ" అన్నారు.
మూలనున్న నేలిదా
బుర్ర చివరి చుక్కదాకా పీల్చింది, గుర్రుమని.
"కట్టావు," అంది.
"ముడి కూడా బాగా వేశావు.
ఇంటర్వెల్లో ఫోటో అతనొచ్చాడు చూడు,
అప్పుడు అందరి ముందూ అడిగావు, నాది నాకిచ్చెయ్యమని.
ముడి బిగుసుకుపోయింది.
పళ్ళతో విప్పావు.
నీ నోటినిండా
మరగకాచిన పాలతీపి వాసన.
నేనా పొద్దున ఏమీ తిన్లేదు."

కోపంగా అనలేదు.
కొట్లో చిల్లర లెక్క చెప్పినట్టు అంది.

గోడమీద ఫోటో ఉంది.
అదే ఫోటో మా ఇంట్లోనూ ఉంది, హాల్లో, ఏళ్ళుగా.
మూడో వరసలో నేను, గుమ్మడిపువ్వుతో.
ఆ వరస చివర
తన మెడని తనే చేత్తో మూసుకున్న పిల్ల.
ఇన్నాళ్ళూ ఆ ఫోటోలో
నన్నే చూసుకున్నానన్నమాట.

ఏమనాలి?
తప్పయిందంటే రిబ్బను మళ్ళీ నాకే కట్టుకున్నట్టుంటుంది.
థాంక్స్ అంటే ఇక్కడ అర్థం వేరు.
రేకుల మీద సన్నగా వాన మొదలైంది.
ఓల్గా తన సంచిలో ఏదో వెతుకుతోంది, ఏమీ లేకపోయినా.

నేలిదా బుర్ర తిరిగివ్వడానికి చెయ్యి చాచింది.
తన నోటికేసి చూస్తూ కూర్చున్నాను
మోగని సైరన్ కోసం
దుప్పట్లో చెవులు రిక్కించిన ఆ పొద్దుటిలా.

ఏమీ అనలేదు.
ఊరికే ఇచ్చింది.